కనబడకపోతే లేనట్టేనా?

1979లో జపాన్ వైద్యుడు హిరోఫుమి యాసూవె బృందం ఒక పరిశోధన ఫలితం ప్రచురించింది. ఊరికే కూర్చున్నప్పుడు కూడా గుండెనొప్పి వచ్చే 13 మంది రోగులచేత పొద్దున్నే వ్యాయామం చేయించారు. అందరికీ నొప్పి వచ్చింది, ఇసిజి మారింది. వాళ్లచేతే మధ్యాహ్నం చేయిస్తే ఇద్దరికి మాత్రమే వచ్చింది. పరీక్ష మధ్యాహ్నం ఒక్కసారే జరిగి ఉంటే, మిగతా 11 మంది చేతికీ ‘నార్మల్’ అన్న రిపోర్టే వచ్చేది.

వాళ్ల జబ్బు గుండె రక్తనాళం బిగుసుకుపోవడం. వైద్యులు స్పాజమ్ అంటారు. నాళం గోడలోని కండరం ఉన్నట్టుండి ముడుచుకుంటుంది, రక్తం ఆగుతుంది, కాసేపటికి దానంతటదే వదులవుతుంది. కొవ్వు పేరుకుని ఉండాల్సిన పనిలేదు. లాస్ ఏంజెలెస్ వైద్యుడు మైరన్ ప్రింజ్‌మెటల్ 1959లో ఈ తరహా నొప్పిని వర్ణించాడు. 1970లలో ఇటలీలోని పీసాలో అట్టీలియో మజేరి బృందం యాంజియోగ్రామ్‌లో ఆ బిగువును పట్టి చూపింది. ఎక్కువగా అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున వస్తుంది. ఎక్కువసేపు వదలకపోతే గుండెపోటు రావచ్చు. లయ తప్పి ప్రాణమూ పోవచ్చు.

ఇక్కడే వైద్యం తత్వశాస్త్రం గడప తొక్కుతుంది. ఒక వస్తువు కనబడలేదు కాబట్టి లేదని తేల్చవచ్చా? మన దర్శనకారులు ఈ ప్రశ్నపై శతాబ్దాలు వాదించుకున్నారు. కనబడకపోవడాన్ని మీమాంసకుడు కుమారిల భట్టు అనుయాయులూ అద్వైతులూ అనుపలబ్ధి అనే ప్రత్యేక ప్రమాణంగా, అంటే జ్ఞానం కలిగించే సాధనంగా, ఒప్పుకున్నారు. న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులు ఒప్పుకోలేదు. అయితే ఒక షరతు దగ్గర ఇరుపక్షాలూ కలుస్తాయి: ఉంటే కనబడి తీరాల్సిన పరిస్థితిలోనే, కనబడకపోవడం లేమికి రుజువవుతుంది. వెలుతురున్న గదిలో కుండ కనబడకపోతే కుండ లేదు. చీకటి గదిలో కనబడకపోతే ఏమీ తేలదు. తెలుగువాడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహానికి తానే రాసుకున్న దీపికలోనూ ఈ తర్కాన్నే చెప్పాడు.

తెల్లవారుజామున నాలుగింటికి బిగిసి వదిలిన నాళాన్ని పగలు పదకొండింటికి ఫొటో తీస్తే కనబడేదేమిటి? ఆ గంటలో, ఆ నాళంలో బ్లాక్ లేదని మాత్రమే. అది నిజమే, విలువైనదే. అంతకు మించి ‘గుండెకేమీ లేదు, గ్యాస్, టెన్షన్’ అనేయడం ప్రమాణం లేని తీర్పు.

మరి రోగి మాట? ఆప్తుడి వాక్యం న్యాయదర్శనంలో శబ్దప్రమాణం. ఉన్నదున్నట్టు చెప్పేవాడే ఆప్తుడు. నొప్పి విషయంలో అనుభవించిన మనిషి కంటే ఆప్తులెవరు? నొప్పికి కారణం మాత్రం ఆ మనిషికీ తెలియదు. ప్రతి ఛాతీనొప్పీ స్పాజమ్ కాదు. అందుకే అనుమానం ఉన్నచోట ఎసిటైల్‌కోలిన్ వంటి మందు నాళంలోకి ఎక్కించి, అది బిగుస్తుందేమో నిపుణులు చూస్తారు. చీకటి గదిలో దీపం పెట్టడం అదే.

దీపం పెడితే రోగికి ఏం మేలు? గ్లాస్గో పరిశోధకులు 2018లో కోర్‌మైకా అధ్యయనం ప్రచురించారు. బ్లాకులు లేకున్నా నొప్పితో ఉన్న 151 మందికి ఇలాంటి పరీక్షలు చేశారు. దాదాపు నాలుగింట మూడొంతులు స్త్రీలే. ఒక వర్గంలో ఫలితాన్ని వైద్యుడికి చెప్పి, దాని ప్రకారం మందులిచ్చారు. రెండో వర్గంలో ఫలితాన్ని బయటపెట్టలేదు. ఆరు నెలలకు మొదటి వర్గంలో నొప్పి బాధ స్పష్టంగా తగ్గింది, బతుకు మెరుగైంది. గుండెపోట్లలో, మరణాల్లో తేడా తేలలేదు. అయినా నొప్పి తగ్గడాన్ని చిన్న ఫలితమని ఎలా అనగలం?

జబ్బు పేరు తెలియకపోతే నష్టం ఇంకో దారిలోనూ వస్తుంది. కాల్షియం ఛానల్ బ్లాకర్లు, నైట్రేట్లు స్పాజమ్‌ను అదుపు చేస్తాయి. మామూలు గుండెనొప్పికి వాడే కొన్ని బీటా బ్లాకర్లు దాన్ని పెంచవచ్చు. పొగతాగడం దీనికి పెద్ద కారణం.

యాంజియోగ్రామ్ బాగుందన్నా నొప్పి మళ్లీ వస్తుంటే, ఏ వేళకు వచ్చింది, ఎంతసేపుంది, ఏం చేస్తుండగా వచ్చింది రాసిపెట్టుకోండి. అది డాక్టరుకు చూపించి, స్పాజమ్ కావచ్చా అని అడగండి. సిగరెట్ మానండి. మందులు సొంతంగా ఆపకండి. నొప్పి తగ్గకుండా ఉంటే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.