హాస్టల్లో వేయడం, హోమ్‌లో పడేయడం

తెలుగులో ఒకే పనికి రెండు మాటలున్నాయి. ఆరో తరగతి పిల్లవాణ్ణి రెసిడెన్షియల్ స్కూలుకి పంపితే ‘హాస్టల్లో వేశారు’ అంటాం. ఆటిజమో, మేధో వైకల్యమో, తీవ్రమైన మానసిక సమస్యో ఉన్న పిల్లవాణ్ణి వసతి ఉన్న చికిత్సా కేంద్రంలో చేర్పిస్తే ‘ఎక్కడో హోమ్‌లో పడేశారు’ అంటాం. రెండు చోట్లా ఫీజు కట్టడం, పెట్టె సర్దడం, నెలకోసారి వెళ్ళి చూసి రావడం ఒకటే. కానీ మొదటి తల్లి త్యాగమూర్తి, రెండో తల్లి కఠినాత్మురాలు. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తోంది?

తల్లీబిడ్డలు దూరంగా ఉండటం మన సమాజానికి కొత్త కాదు, బాధా కాదు. 1971లో అప్పటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకుల పాఠశాలను మనం గర్వంగానే చెప్పుకుంటాం. ఆ తర్వాత వచ్చిన గురుకులాలు ఎందరో పేదింటి పిల్లలకు దారి చూపాయి. ఇక ఇంటర్మీడియట్ పిల్లల్ని కార్పొరేట్ కాలేజీల హాస్టళ్ళలో పెట్టి, ఔటింగ్ రోజున టిఫిన్ డబ్బాలతో గేటు దగ్గర నిలబడే తల్లుల్ని ఎవరూ వేలెత్తి చూపరు. ఆ దూరం చివర ఒక ర్యాంకు ఉంది. చికిత్సా కేంద్రంలో ఉన్న బిడ్డ ర్యాంకు తేడు, కట్నం తేడు, ముసలితనంలో ఆదుకోడు. అంటే సమాజాన్ని ఇబ్బంది పెడుతున్నది బిడ్డ దూరంగా ఉండటం కాదు, ఆ దూరం కుటుంబానికి ఏమీ సంపాదించి పెట్టకపోవడం. దాన్ని మాతృప్రేమ కొలతగా మార్చి తల్లి చేతికిస్తారు.

పురాణాల్లోనూ ఇంతే. బిడ్డను రేపల్లెకు పంపిన దేవకి పుణ్యవతి, ఏటిలో వదిలిన కుంతి దోషి. దేవకి బిడ్డ దేవుడై తిరిగొచ్చాడు. కుంతిని నిలదీసిన వాళ్ళు సూర్యుణ్ణి మాత్రం అడగలేదు.

ఇరవయ్యో శతాబ్దపు వైద్యశాస్త్రం కూడా ఈ పంచాయితీలో తల్లి పక్షాన లేదు. 1943లో ఆటిజాన్ని మొదట విపులంగా వర్ణించిన లియో కానర్, ఆ పిల్లల తల్లిదండ్రుల్లో ఆప్యాయత తక్కువన్న మాట కూడా అన్నాడు. ఆ మాటే పెరిగి ‘రిఫ్రిజిరేటర్ తల్లి’ అయింది. షికాగోలో 1944 నుంచి 1973 దాకా ఆర్థోజెనిక్ స్కూల్ అనే వసతి చికిత్సా కేంద్రాన్ని నడిపిన బ్రూనో బెటెల్‌హైమ్ ఆ నింద నమూనానే వైద్యం చేశాడు: ఇంటి నుంచి, ముఖ్యంగా తల్లి నుంచి, బిడ్డను విడదీయడమే చికిత్స. 1967లో అతని పుస్తకం ‘ది ఎంప్టీ ఫోర్ట్రెస్’ వచ్చింది. అదే ఏడు క్లారా పార్క్ అనే తల్లి, ఆటిజం ఉన్న తన కూతురి గురించి ‘ది సీజ్’ రాసింది. తండ్రి కూడా అయిన బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లోనే ఆటిజానికి మూలం తల్లి పెంపకం కాదనీ, శరీరధర్మంలో ఉందనీ వాదించాడు. శాస్త్రం ఆ నిందను వదిలేసి దశాబ్దాలైంది. చుట్టాలింకా వదల్లేదు. ఒకప్పుడు బిడ్డను దగ్గర ఉంచుకుని చెడగొట్టింది తల్లి. ఇప్పుడు దూరంగా పంపి చెడగొడుతున్నదీ తల్లే.

మరి కాగితం మీద ఆ బిడ్డ ఎవరిది? 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ప్రకారం సహజ సంరక్షకుడు తండ్రి, ‘అతని తర్వాత’ తల్లి. రచయిత్రి గీతా హరిహరన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1999లో ఆ ‘తర్వాత’ అన్న మాటకు తండ్రి మరణించాక అని మాత్రమే కాదు, తండ్రి బాధ్యతలో లేని సందర్భాల్లో అని కూడా అర్థం చెప్పింది. చట్టం కొంచెం జరిగింది, అలవాటు జరగలేదు. దరఖాస్తులో మొదటి గడి తండ్రి పేరుకి. అర్ధరాత్రి ఫోను తల్లికి.

2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది మానసిక రోగులు మంటల్లో చనిపోయారు. అలాంటి చోట్లను తలుచుకుంటే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం విలువ తెలుస్తుంది. మైనర్లను పెద్దవాళ్ళతో కలిపి ఉంచకూడదనీ, చికిత్స సాగినన్నాళ్ళూ సంరక్షకులు గానీ వారు నియమించిన సహాయకులు గానీ పక్కనే ఉండాలనీ 87వ సెక్షన్ చెబుతుంది. ఆడపిల్లయి, సంరక్షకుడు మగవాడైతే ఒక స్త్రీ తోడుండి తీరాలి. ఇది బిడ్డకు అవసరమైన రక్షణే. కానీ ‘ఎవరో ఒకరు ఉండాలి’ అన్న వాక్యంలో ఆ ఎవరో ఒకరు ఎవరో మన ఇళ్ళలో చెప్పనక్కర్లేదు. ఆమె ఉద్యోగం, ఇంకో బిడ్డ పరీక్షలు, ఆమె నిద్ర ఏ సెక్షన్లోనూ ఉండవు. ఇక మేధో వైకల్యాన్ని ఈ చట్టం మానసిక వ్యాధిగా లెక్కించదు కాబట్టి ఆ పిల్లల కేంద్రాల్లో కథ తిరగబడుతుంది. అక్కడ తల్లి గేటు బయట సందర్శకురాలు.

మా అబ్బాయికి పదమూడేళ్ళు. ఆటిజం, దాంతోపాటు మూర్ఛ. రెండేళ్ళుగా అలాంటి కేంద్రంలోనే ఉంటున్నాడు. వాణ్ణి చేర్పించిన కొత్తలో నా భర్తతో అందరూ ‘పాపం, ఎంత కష్టమొచ్చింది’ అన్నారు. నన్ను మాత్రం ‘ఎలా ఉండగలుగుతున్నావమ్మా’ అని అడిగారు. దీనికి సిద్ధంగా ఉన్న జవాబు ఒకటుంది: ‘వాడి మంచి కోసమే.’ నేనా జవాబు చెప్పను. అది సగమే నిజం. రాత్రింబగళ్ళు మనుషులు, తప్పని దినచర్య వాడికి కావాలి, అవి ఇంట్లో కుదరలేదు. మిగతా సగం, తమ్ముడు కొడతాడని మా అమ్మాయి గడియ పెట్టుకుని చదువుకునేది. నేను ఏళ్ళ తరబడి రెండు గంటలకు మించి నిద్రపోలేదు. మా కోసం కూడా వాణ్ణి పంపాం. తల్లి బతుకు, అక్క బతుకు కూడా లెక్కలోకి వచ్చే కారణాలేనని చెప్పడానికి మనకెందుకంత సంకోచం? దాన్ని వాడి మంచి వెనక దాస్తే వాడికే అన్యాయం. వాడికి మాటలు రావు, వాణ్ణి ఎవరూ అడగలేదు. వేయడంలోనూ, పడేయడంలోనూ బిడ్డ వస్తువే. వాడు అడక్కుండా కొంత ఇచ్చాడన్న సంగతి గుర్తు పెట్టుకోవలసింది మేమే.

సారా రడ్డిక్ 1989లో ‘మెటర్నల్ థింకింగ్’లో తల్లితనాన్ని స్వభావంగా కాక పనిగా చూసింది. బిడ్డను కాపాడటం, ఎదగనివ్వడం, సమాజం ఒప్పుకునేలా తయారుచేయడం ఆ పనిలోని మూడు బాధ్యతలు. పని కాబట్టి మగవాళ్ళూ చేయవచ్చు, పదిమందీ పంచుకోవచ్చు. మా అబ్బాయి విషయంలో మూడోది నేను పక్కన పెట్టేశాను. మారవలసింది వాడొక్కడే కాదు. మొదటి రెండూ ఇప్పుడు వేరే చేతుల్లో సాగుతున్నాయి. నాకు మిగిలిన పని అడగడం. మందు మోతాదు ఎందుకు మారింది? బరువెందుకు తగ్గాడు? మోచేతి మీద ఆ గుర్తేమిటి? రాత్రి ఆ గదిలో ఎవరు పడుకుంటారు? అడిగే మనిషి లేని బిడ్డకు ఏ కేంద్రమైనా ప్రమాదమే. నా దృష్టిలో వదిలేయడమంటే ఈ ప్రశ్నలు మానేయడం.

ఆ వేరే చేతులు ఎవరివి? మా అబ్బాయికి అన్నం తినిపించేది ఒక ఆయా. పెరుగన్నంలో పోపు గింజ తగిలితే ఉమ్మేస్తాడని ఇప్పుడు నాకంటే ఆమెకే బాగా తెలుసు. ఆమె పిల్లలిద్దరూ ఊళ్ళో అమ్మమ్మ దగ్గరుంటారు. తత్వవేత్త ఈవా కిటే తన కూతురు సేషా గురించి రాసిన ‘లవ్స్ లేబర్’లో (1999) పరాధీనులను చూసుకునేవాళ్ళను చూసుకోవడం సమాజం బాధ్యత అంటుంది. సేషాను సాకిన పెగ్గీ ఆ పుస్తకంలో మనిషిగా కనిపిస్తుంది. మన వ్యాసాల్లో ఆయా కనిపించదు. నేను తిరిగి నిద్రపోగలుగుతున్నానంటే, మళ్ళీ రాయగలుగుతున్నానంటే ఆ రాత్రులు ఆమె మేల్కొంటోంది. తల్లితనం ఒక స్త్రీ మెడ మీద నుంచి అంతకంటే తక్కువ జీతమున్న ఇంకో స్త్రీ మెడ మీదికి మారడాన్ని విముక్తి అనుకుందామా?

కాబట్టి ‘ఎలా ఉండగలుగుతున్నావ్’ అన్న ప్రశ్నకు నా నుంచి జవాబు లేదు. దాని బదులు వేరే ప్రశ్నలు అడగమంటాను. ఇలాంటి పిల్లల్ని నెలకు నాలుగు రోజులైనా నమ్మకంగా అప్పగించగల చోటు ప్రతి మండలంలో ఎందుకు లేదు? ఉంటే ఎంతమందిని పూర్తిగా పంపవలసి వచ్చేది? అందులో పనిచేసే ఆయాకి ఎంత జీతం? ఆమె పిల్లలు ఎవరి దగ్గరున్నారు?