నిమిత్తదోషము: ఒక సందేహము

అన్నమునకు జాతి, ఆశ్రయ, నిమిత్తములను మూడు దోషములు తగులరాదన్న వాక్యకారుని మతమును భగవద్రామానుజులు శ్రీభాష్యమున గ్రహించిరి. నిమిత్తదోషమనగా కేశకీటాదుల సంపర్కమని పాఠశాలలో వల్లించితిమి.

ఒకనాడు మదనపల్లె అంగడిలో నైవేద్యమునకై వంకాయలు ఏరుచు పుచ్చులను పక్కకు నెట్టితిని. రైతు నవ్వి, "సామీ, నిగనిగలాడేవాటికి మొన్ననే మందు కొట్టినాము. పుచ్చులవి పెరట్లోవి. మేము తినేది అవే" అనెను.

పురుగు కంటికి కనబడు దోషము. దానిని చంపిన విషమో? మోనోక్రోటోఫాస్ అను మందును కూరగాయలపై చల్లరాదని 2005లోనే ప్రభుత్వము నిషేధించినది. అది మొక్కలోనికి ఇంకునది. కడిగినంత మాత్రమున పోదు. నాడులను పీడించును, అదియు ముందుగా చల్లినవానినే. రైతును దూషింపను. నిగనిగను కోరినది కొనువాని కన్ను, అనగా నా కన్ను.

కుప్పము దిక్కు రాగిచేలకు ఇట్టి మందులతో అంతగా పనిలేదు. తక్కిన పైరులకు మన రాష్ట్రమున 2016 నుండి ప్రోత్సహింపబడుచున్న ప్రకృతి సేద్యము కలదు. గోమయము, గోమూత్రము, బెల్లము, పప్పుల పిండి, పిడికెడు మన్ను కలిపి పులియబెట్టిన జీవామృతమే దానికి ఆధారము. పుంగనూరు పొట్టి ఆవును పాలలోని వెన్నకై పొగడుదుము. పేడ మాట ఎత్తము!

ఆనాడు పుచ్చు వంకాయలనే తెచ్చి, చెడిన భాగము కోయించి, వండించి ఆరగింపు చేసితిని. ఇంటిలో నొచ్చుకొనిరి. కీటస్పర్శ దోషమే కదా అనిరి. కాదనలేకపోతిని. ఈ రెంటిలో ఏది నిమిత్తదుష్టమో పెద్దలు సెలవిచ్చిన వినగోరుచున్నాను.