రెండు చేలు, ఒక ఆసామి

ఒక ఊళ్ళో ఒక ఆసామికి రెండు చోట్ల భూమి ఉండేది. చెరువు కింద రెండెకరాల మాగాణి, పొలిమేర దగ్గర మూడెకరాల బీడు. ఉద్యోగం రావడంతో ఆయన దూరాన ఉన్న పట్నానికి కాపురం మార్చాడు. వెళ్ళేముందు మాగాణిని నమ్మకస్తుడైన ఒక రైతుకు అప్పజెప్పాడు. పండించుకుని తినమని, ఏటా తోచినన్ని గింజలు పంపితే చాలని చెప్పాడు. కాగితమేమీ రాసుకోలేదు. బీడు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. రాళ్ళు, సర్కారు తుమ్మ తప్ప అందులో ఏముందని వదిలేశాడు.

రైతు మాట నిలబెట్టుకున్నాడు. ప్రతి సంక్రాంతికీ కొత్త బియ్యం బస్తాలు బస్సు మీద వేయించి పంపేవాడు. ఆసామి భార్య వాటిని పద్దుల పుస్తకంలో రాసి పెట్టుకునేది. ఏ ఏడు ఎన్ని బస్తాలు వచ్చాయో, వాటి వెంట ఎన్ని గుమ్మడికాయలు వచ్చాయో అన్నీ అందులో ఉండేవి.

బీడు మీద పక్క చేనువాడి కన్ను పడింది. అతను రాత్రికి రాత్రి గట్టు జరిపే రకం కాదు. పట్టపగలు, ఊరంతా చూస్తుండగానే తుమ్మ కొట్టించాడు. రాళ్ళు ఏరించి చుట్టూ కంచె వేశాడు. బావి తవ్వించి, తన పేరు మీదే కరెంటు కనెక్షన్ తీసుకుని మోటారు బిగించాడు. మొదట కంది వేశాడు, నీళ్ళు పడ్డాక మిరప వేశాడు. అడంగల్‌లో అనుభవదారు గడిలో అతని పేరు ఎక్కింది. ఎవరడిగినా భూమి తనదేనని చెప్పేవాడు.

ఎనిమిదో ఏట ఆసామి ఒక పెళ్ళికి ఊరొచ్చి ఇదంతా చూశాడు. పక్క చేనువాణ్ణి రచ్చబండ దగ్గర పదిమందిలో నిలబెట్టి తిట్టాడు. ఖాళీ చేయకపోతే కోర్టుకీడుస్తానన్నాడు. అతను ఖాళీ చేయలేదు. ఆసామి మర్నాడు బస్సెక్కాడు. ప్రతి వేసవిలోనూ వకీలును కలవాలనుకున్నాడు గానీ పిల్లల చదువులు, కూతురి పెళ్ళి అడ్డం వచ్చాయి. దస్తావేజు బీరువాలో భద్రంగా ఉందన్న ధీమా ఒకటి. ఊరు విడిచి వెళ్ళిన మనవాళ్ళలో ఎందరికో ఉన్న ధీమాయే అది.

ఇరవయ్యో ఏట ఆసామి దావా వేసి దస్తావేజు చూపించాడు. పక్క చేనువాడు దాన్ని కాదనలేదు. భూమి నిజంగా ఆసామిదేనని ఒప్పుకుని, ఆ ఆసామికి వ్యతిరేకంగానే దాన్ని తనదిగా అనుభవించానన్నాడు. అతని వాదం నిలవాలంటే ఆ ఒప్పుకోలు కావాలి. ఏనాటి నుంచి అనుభవిస్తున్నాడో రుజువు చేసే బరువూ అతని మీదే పడింది. కరెంటు రసీదులు, అడంగల్ నకళ్ళు దాఖలు చేశాడు. బావి తవ్విన కూలీ వచ్చి సాక్ష్యం చెప్పాడు. ఆసామి బోనెక్కి, భూమిని తాను వదులుకోలేదని చూపడానికి రచ్చబండ దగ్గర తిట్టిన సంగతి చెప్పాడు. సంగతి ఆయనకు ఎనిమిదో ఏటనే తెలుసుననడానికి అదే సాక్ష్యమైంది. తిట్టినంత మాత్రాన గడువు ఆగదు. ఆసామి ఓడిపోయాడు.

ఈ కబురు రైతు కొడుక్కి అందింది. అప్పటికి రైతు పోయాడు. పక్క చేనువాడికి ఇరవై ఏళ్ళకే దక్కితే, అంతకుముందు నుంచీ సాగులో ఉన్న తమకెందుకు దక్కదని కొడుకు అనుకున్నాడు. గింజలు పంపడం ఆపేశాడు. రెండేళ్ళకు మాగాణి తనదని ప్రకటించమంటూ తానే దావా వేశాడు. ఆసామి భార్య పద్దుల పుస్తకం పట్టుకొచ్చింది. ఏటేటా సంక్రాంతి బస్తాల లెక్క అందులో వరసగా ఉంది. తండ్రి ఆసామి అనుమతితో చేలోకి దిగాడని తేలింది. గింజలు ఆపిన నాటి నుంచి లెక్కవేసినా రెండేళ్ళే. కొడుకు ఓడిపోయాడు. మాటకు కట్టుబడిన ఇంటికి దక్కనిది ఆక్రమించినవాడికి దక్కిందేమిటని ఊరు విస్తుపోయింది.

నీతి: 1963 నాటి లిమిటేషన్ చట్టం ఎన్నేళ్ళున్నావని మాత్రమే అడగదు, ఎలా ఉన్నావని కూడా అడుగుతుంది; ఇంకొకరి భూమిని బాహాటంగా, యజమాని అనుమతి లేకుండా, తనదిగా ఎడతెగకుండా 12 ఏళ్ళు, సర్కారు భూమినైతే 30 ఏళ్ళు అనుభవించినవాడి మీద యజమాని గడువులోగా దావా వేయకపోతే ఆయన హక్కే చెల్లిపోతుంది. ఆక్రమించినవాడికి భూమి దక్కడం నాకూ న్యాయంగా తోచదు, 2008లో సుప్రీంకోర్టు కూడా ఈ చట్టం హేతుబద్ధంగా లేదని, ప్రభుత్వం దీన్ని మళ్ళీ పరిశీలించాలని చెప్పింది. కానీ చట్టం ఉన్నంతకాలం, దూరాన ఉన్న ఆసామి చేను చూసేవాడితో ఒక కాగితం రాయించుకోవాలి, కంచె కనబడిన ఏడాదే కోర్టు మెట్లెక్కాలి.