పాతదనం పలకలోనా, పనితనంలోనా?

ఢిల్లీలోని హుమాయూన్ సమాధిపై ఉన్న ఛత్రీలను ఒకప్పుడు కప్పిన రంగు పలకలలో అధికభాగం కాలక్రమాన రాలిపోయింది. వాటిని చేసే విద్య కూడా నగరంలో అంతరించింది. పురావస్తు శాఖతో కలసి ఆగాఖాన్ ట్రస్టు జరిపి 2013లో ముగించిన పునరుద్ధరణలో, ఉజ్బెకిస్తాన్ నిపుణులు పొరుగునున్న నిజాముద్దీన్ బస్తీ యువకులకు ఆ విద్య నేర్పారు. మెరుగు పోయిన పాత పలకలను తొలగించక, ఖాళీలలోనే కొత్తవి అమర్చారు.

ఇది చరిత్రను కల్తీ చేయడం కాదా? కొత్తభాగం పాతదానినుండి వేరుగా గుర్తుపట్టేలా ఉండాలన్నది 1964 నాటి వెనిస్ పత్రం. జపానులోని దారు ఆలయాలలో పుచ్చిన కొయ్యను మార్చక తప్పదు. ఆ దేశంలోనే వెలువడిన 1994 నాటి నారా పత్రం ప్రామాణికతను పదార్థంలోనే గాక సంప్రదాయంలో, పనితనంలో కూడా చూడమన్నది. ఢిల్లీకి ఈ రెండవ మాటే తగినది. పాత పదార్థంపై అంత పట్టింపు ఉన్న 20వ శతాబ్దమే ఈ సమాధి కప్పుపై కాంక్రీటు పోసింది; తొలగించినది సుమారు 10 లక్షల కిలోలు!

అసలు చిక్కు వేరు. పలకను కాల్చిన బస్తీ యువకునికి సమాధి కొంత తనదైంది. పని ముగిశాక అతని బట్టీ దేనికోసం వెలగాలి? అంచనాలలో రాతికీ సున్నానికీ పద్దు ఉంటుంది. నేర్చిన చేతికి ఏటేటా పని చూపే పద్దు అరుదు.