పట్టుకున్న తుపాకి ఎవరిది?

1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు ఠాణాపై పడి తుపాకులు, మందుగుండు పట్టుకెళ్లింది. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. పట్టుకెళ్లిన ఆయుధాల వివరం ఠాణాలో రాసి, సంతకం పెట్టి మరీ వెళ్లాడు రాజు.

దొంగ అలా రాసిపెట్టడు. పాలకుడి ఆయుధం లాక్కోవడం తన దృష్టిలో ధర్మమేనని ఆ సంతకం చెబుతోంది.

అంతకు ఏడాది ముందు, చీరాలలో మునిసిపల్ పన్నులకు ఎదురుతిరిగి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట వేలమంది ఇళ్లు వదిలి రామనగరం పాకల్లో బతికారు. వాళ్లు తుపాకి పట్టలేదు. అద్దాల బీరువాలో పెట్టేందుకు ఆ త్యాగానికి ఆయుధమే లేదు.

ఆయుధాన్నైతే పోరాటానికి గుర్తుగా నిలుపుకుంటారు. మొజాంబిక్ జెండాపై ఏకే-47 ఇవాళ్టికీ ఉంది. ఆఫ్రికా విముక్తి యుద్ధాల్లో చిక్కిన తూటాల సంచుల్ని సేకరించేవారూ ఉన్నారు. అలాంటివి దాచడం తప్పు కాదు. ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో, ఎవరు చనిపోయారో చెప్పకుండా మురిసిపోవడమే అధర్మం. సేకరించేవారు వస్తువు పక్కన ఆ రెండూ రాయాలి.