పెరటిలోని మూతబండ

చదువవలసిన భాగము: ద్వితీయోపదేశకాండము 23:12-14



మరుగుదొడ్డిని గూర్చి పాదిరిగారు పత్రికలో వ్రాయుటయా అని కొందరు ముఖము చిట్లింపవచ్చును. మోషే ధర్మశాస్త్రము మాత్రము ఈ సంగతిని విడిచిపెట్టలేదు. పాళెము వెలుపల అందుకొక చోటుండవలెననియు, ప్రతివాడును ఆయుధములతోకూడ త్రవ్వుటకొక పనిముట్టు ఉంచుకొని తన మాలిన్యమును తానే కప్పవలెననియు అక్కడ కలదు. తానే అనుమాట గమనింపుడి. పండ్రెండు గోత్రములలో ఏ గోత్రమునకును ఈ పని అప్పగింపబడలేదు.

గడచిన వేసవిలో మా పాదిరి బంగళాలో మరుగుదొడ్డి నీరు దిగక పొంగినది. సెప్టిక్ ట్యాంకు నిండినదని తెలిసెను గాని, అది ఎక్కడున్నదో ఎవరికిని తెలియదు. రెండు మూడేండ్లకొకసారి మడ్డి తీయింపవలసిన దానిని మేము మరచియే పోయితిమి. పైగా ఎప్పుడో పెరడంతయు మన్నుపోసి ఎత్తు చేసిరి. సంఘపెద్దలలో ఒకరు వేపచెట్టు క్రింద ననిరి, ఒకరు బావి వైపున ననిరి. (బావి వైపున లేనందుకు తరువాత దేవునికి స్తోత్రము చెల్లించితిని.)

వెదకుటకు ఒక పద్ధతి యున్నది. దొడ్డి గోడనుండి గొట్టము ఏ దిక్కుగా బయలుదేరినదో మొదట చూడవలెను. గాలిగొట్టము నిలిచియున్నయెడల అదియొక గుర్తు. ఎండలకు గడ్డియంతయు మాడినను ఒకచోట పచ్చగా నున్నను, నేల కొంచెము క్రుంగినను అక్కడ అనుమానింపవలెను. పిమ్మట సన్నని ఇనుప ఊచతో మెల్లగా గ్రుచ్చవలెను. బలముగా పొడిచినచో గొట్టము పగులును. బండ తగిలి డొల్ల చప్పుడైన చోట నిలువరాదు. పాతబండ విరిగి మనుష్యుడు లోపల పడగలడు.

మేము రెండు దినములు ఈలాగు వెదకితిమి. మన్ను ఎత్తుగా నుండుటచేత ఊచకు ఏమియు అందలేదు. మూడవనాటి సాయంకాల ప్రార్థన ముగిసిన తరువాత, ఎప్పుడును చివర గోడనానుకొని కూర్చుండు ముసలాయన నా యొద్దకు వచ్చి, “నన్నడిగితే చెప్పేవాణ్ణి గదా అయ్యగారూ. ఆ గొయ్యి తవ్వింది నేనే. ఒకసారి లోపలికి దిగి ఎత్తిపోసిందీ నేనే” అనెను. వంటింటి మూలనుండి ఏడడుగులు వేసి మడమతో నేలను తట్టెను. మోకాటి లోతు త్రవ్వగానే మూతబండ కనబడెను.

పెద్దలను అడిగితిమి, పంచాయతీలో అడిగితిమి, తాపీమేస్త్రిని పిలిపించితిమి. ప్రతి ఆదివారము నా యెదుట కూర్చుండు ఈయనను అడుగవలెనని నాకు తోచలేదు.

బండ తీసినప్పుడు ఆయన మనుమడు బొక్కెన, త్రాడు తీసికొని దిగుటకు సిద్ధపడెను. తాత వాని చెయ్యి పట్టుకొని విడువలేదు. మంచిదాయెను. ఆ గాలి కంటికి కనబడదు. హైడ్రోజన్ సల్ఫైడు మొదట కుళ్లిన గ్రుడ్డువలె కంపుకొట్టి, హెచ్చినకొలది ముక్కునే మొద్దుబార్చును. కంపు పోయినదనుకొన్నవాడు కూలిపోవును. వానిని తీయుటకు దిగినవాడును అక్కడనే పడును. మీథేను కూడ నుండును గనుక దీపముగాని బీడిగాని దగ్గరకు తేరాదు. రక్షణ సాధనములు లేకుండ మనుష్యుని ట్యాంకులో దింపుటను 2013 నాటి చట్టము నిషేధించుచున్నది. అట్లు చనిపోయినవారి కుటుంబములకు పది లక్షల రూపాయలియ్యవలెనని 2014లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పి, 2023లో దానిని ముప్పది లక్షలు చేసెను. చట్టము మాట అట్లుండగా, ఆ దినమున తాత అడ్డుపడకుండిన నేను ఆ పిల్లవానిని ఆపియుందునా? నిజము చెప్పవలెనన్న, పని త్వరగా ముగియవలెననియే నా మనస్సులో నుండెను.

పట్టణమునుండి గొట్టముల లారీని పిలిపించి తీయించితిమి. మరునాడు వంటింటి మూలనుండియు బావిగట్టునుండియు దూరములు కొలిచి, పటము గీచి సంఘపు పుస్తకములో అంటించితిని. నా తరువాత వచ్చు పాదిరిగారు వెదకనక్కరలేదు. త్రవ్వినవాని పేరును దాని క్రింద వ్రాయబోయి కలము ఆపితిని. ఊరివారు పిలుచు పేరే గాని ఆయన అసలు పేరు నాకు తెలియదు. బాప్తిస్మముల పుస్తకము తెరచి, చూచి వ్రాసితిని.