రాబోవు యంత్రము

కోరిన వస్తువు చేతికందుటకు ముందు మనస్సున నివసించు కాలమొకటి కలదు. దానినే మనవారు ఎదురుచూపనిరి. ఎదురుచూపు సుఖమా దుఃఖమా, గుణమా దోషమా యను ప్రశ్నను పూర్వులు వానను గూర్చియు, పంటను గూర్చియు, దూరదేశమేగిన బంధువును గూర్చియు వేసికొనిరి. నేడు మన యిండ్లలో నా ప్రశ్న యొక యంత్రమును గూర్చి పుట్టుచున్నది. చదువుకొన్న కుటుంబమున మేలైన మల్టీమీడియా లాప్‌టాప్ కొనవలెనను సంకల్పము కలిగిన దినము మొదలు, అది గడప దాటి లోనికి వచ్చు దినము వఱకు జరుగు తర్జనభర్జనము పెండ్లి సంబంధము కుదుర్చుటకు జరుగు దానికేమియు తీసిపోదు. ఇది నవ్వి విడువదగిన సంగతి కాదని మా యభిప్రాయము. లక్ష రూపాయలకు మించిన ధనము, నెలల కొలది కాలము, ఇంటివారి నడుమ నుండవలసిన న్యాయము, ఈ మూడును ఈ యెన్నికలో చిక్కుకొనియున్నవి. కావున దీనిని నీతివిషయముగనే విచారింతము.

మొదట వస్తువు నెఱుగవలెను. చలనచిత్రములు కూర్చువారికిని, సంగీతము నమర్చువారికిని, బొమ్మలకు ప్రాణము పోయువారికిని సామాన్య యంత్రము చాలదనుట సత్యమే. అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలు గల చిత్రమున మొత్తము 20 లక్షలకు పైగా చుక్కలుండును. 4కె యని వాడుకలోనున్న చిత్రమున అడ్డముగా 3840, నిలువుగా 2160. అనగా దాదాపు 83 లక్షలు. ఇట్టి చిత్రములు సెకనునకు 30 చొప్పున కదలునప్పుడు యంత్రము ప్రతి సెకనునను దాదాపు 25 కోట్ల చుక్కల రంగును లెక్కింపవలెను. ఒక దృశ్యమునకు వెలుగు హెచ్చించి, మఱియొకదానికి ధ్వని తగ్గించి, రెండింటిని కలిపినచో నాపని యింకను పెరుగును. శక్తి చాలని యంత్రముపై నీ పని చేయువాడు ప్రతి మార్పునకు నిలిచి నిలిచి, తుదకు తన యూహనే మఱచిపోవును. కావున శక్తిమంతమైన యంత్రమును కోరుట యెల్లప్పుడు విలాసమని తీసివేయువారితో మేము ఏకీభవింపము. పనివానికి పనిముట్టు మేలైనది కావలెననుట ధర్మమే.

ఈ కోరిక నిన్న మొన్నటిది కాదు. అలన్ కే యను శాస్త్రజ్ఞుడు 1972లో, పిల్లలు పుస్తకమువలె చేతబట్టుకొని చదువుటకు, బొమ్మలు గీయుటకు, పాటలు కూర్చుటకు వీలగు యంత్రము నూహించి, దానికి డైనాబుక్ అని పేరిడెను. అప్పటికట్టిది నిర్మించుట సాధ్యము కాలేదు. 1981లో అంగడికి వచ్చిన ఆస్‌బర్న్ 1 అను యంత్రమును మోసికొనిపోవచ్చునని చెప్పిరి కాని, దాని బరువు దాదాపు 11 కిలోలు, తెర 5 అంగుళములు. నేడు రెండు కిలోలకు లోపుగా నున్న యంత్రమును చూచి పెదవి విఱచువారు ఈ దూరమును కొంత తలపోయుట మంచిది.

అయితే ఈ యభివృద్ధియే మనకొక క్రొత్త చిక్కు తెచ్చిపెట్టినది. ఒక చిప్పుపై నిముడు సూక్ష్మభాగముల సంఖ్య ఏటేట రెట్టింపగుచున్నదని 1965లో గోర్డన్ మూర్ గుర్తించెను. 1975లో నా గడువును రెండేండ్లని సవరించెను. ఇటీవల నా వేగము మందగించినను, ఆగినవానికి మెఱుగైనది దొరకునను నమ్మకము మాత్రము జనుల మనస్సున స్థిరపడినది. "ఇంకొక యాఱునెలలు తాళిన యెడల ఇంతకంటె మేలైనది వచ్చును" అని యిరుగుపొరుగువారు చెప్పుదురు. ఈ మాట నిజమే. కాని యాఱునెలలు గడచిన పిమ్మటను ఈ మాట నిజమే. ఏ దినమున చెప్పినను సమానముగా నిజమైన యుక్తి యే దినమునకును నిర్ణయము నీయజాలదు. దానిని పట్టుకొన్నవాడు ఎన్నటికిని కొనకుండుటయో, విసిగి యొకనాడు కన్నులు మూసికొని కొనుటయో జరుగును. ఈ రెండింటిలో వివేకము పాలెంత?

ఎదురుచూపు కొనువానినే కాక అమ్మువానిని గూడ చెఱుపగలదు. పైన చెప్పిన ఆస్‌బర్న్ యంత్రమును నిర్మించిన సంస్థ, 1983లో, తాము మఱింత మేలైన వానిని తేబోవుచున్నామని ముందుగనే ప్రకటింపగా, జనులు ఉన్నదానిని కొనుట మానిరనియు, ఆ యేడే యా సంస్థ దివాలా తీసెననియు లోకమున చెప్పుకొందురు. పతనమునకు వేఱు కారణములు నుండెనని వాదించువారును కలరు. ఏమైనను, ముందుగా ప్రకటించి అమ్మకము చెఱుపుకొనుటకు వ్యాపారులు నేటికిని ఆ సంస్థ పేరే వాడుచున్నారు. లేని వస్తువు ఉన్న వస్తువును ఓడింపగలదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

ఇంతమాత్రమున నిరీక్షణ యంతయు దోషమని మేము చెప్పము. 2020 నవంబరులో ఆపిల్ సంస్థ తన స్వంత ఎమ్‌1 ప్రాసెసరుతో తెచ్చిన యంత్రములు, వేడి తక్కువై, బ్యాటరీపై చాల సేపు పనిచేసి, అంతకు మున్నున్న వానిని స్పష్టముగా మించినవి. వానిని గూర్చి యా సంస్థ జూన్ నెలలోనే ప్రకటించియుండెను. ఆ వార్త చదివి అయిదు నెలలు తాళినవాడు వివేకియే. ఏలయన, నాతని నిరీక్షణకు కారణము కలదు, గడువు కలదు. గడువును కారణమును గల నిరీక్షణ వ్రతమువంటిది. ఆ రెండును లేనిది వ్యసనము. వ్రతమునకు ఉద్యాపన యుండును, వ్యసనమునకది లేదు.

మన యాలంకారికులు కూటమికి మునుపు, వినికిచేతనో చూపుచేతనో పుట్టు ప్రేమను పూర్వరాగమని పేర్కొని విప్రలంభమున చేర్చిరి. దానికి దమయంతి కథ ప్రసిద్ధమైన యుదాహరణము. భారతమునందలి యీ కథను శ్రీహర్షుడు సంస్కృతమున మహాకావ్యము చేయగా, శ్రీనాథుడు దానిని తెనిగించి మన సొత్తు గావించెను. దమయంతికి నలుని గుణములు చెప్పినది హంస. ఆ హంస నలుని చేత చిక్కి, విడుదల పొంది, ఆ యుపకారమునకు ప్రతిగా నాతనిని పొగడుటకు పోయెనను సంగతిని మనము తఱచుగా మఱతుము. యంత్రముల గుణములను మనకు వర్ణించు సమీక్షకులలో కొందఱు ఇట్టి హంసలే. సంస్థ పంపిన యంత్రమును కొన్ని దినములు వాడి చెప్పువారు కలరు. తమ మాట విని మనము కొన్నచో కొంత పైకము పొందువారును కలరు. హంస అబద్ధమాడలేదు, నలుడు గుణవంతుడే. అయినను చెప్పువానికి చెప్పబడువానితో గల సంబంధమెఱిగి వినుట శ్రోతకు ధర్మము.

ఆ కథలోనే ఇంతకంటె గొప్ప పాఠమింకొకటి కలదు. స్వయంవర సభలో నలుగురు దేవతలు నలుని రూపము దాల్చి యాతని ప్రక్కన కూర్చుండిరి. దేవతలకు రెప్పపాటు లేదు, చెమట లేదు, మెడలోని దండ వాడదు, పాదములు నేలనంటవు, నీడ పడదు. నలునకో, కన్ను రెప్పవేయును, మేనికి దుమ్మును చెమటయు నంటును, దండ వాడును, నీడ నేలపై పడును. దమయంతి ఆ గుర్తులను బట్టియే తనవానిని కనుగొని వరించెను. ఇంకను విడుదల కాని యంత్రము దేవతవంటిది. అది వేడెక్కదు, దాని ఫ్యాను మ్రోగదు, బ్యాటరీ క్షీణింపదు, తెరపై వ్రేలిముద్ర పడదు. అంగడిలోనున్నది నలునివంటిది, దాని నీడ మనకు కనబడుచున్నది. రాబోవుదానియందు లోపము కనబడకుండుట దాని గొప్పతనము కాదు; అది యింకను లేకపోవుటయే. లోపములు తెలిసిన వస్తువును, ఆ లోపములు మన పనికి సహింపదగినవని యెఱిగి గ్రహించుటయే యెన్నిక యనబడును. తక్కినదంతయు కలవరింతయే.

ఈ కలవరింతకు మూల్యమేమో మేమొక యింట చూచితిమి. ఆ యింటి యువకునకు, తన నాయనమ్మ నోట నుండి తిరుగలి పాటలు, అప్పగింత పాటలు, మేలుకొలుపులు పట్టి, చక్కని చలనచిత్రముగా కూర్చి దాచవలెనను సంకల్పము కలిగెను. సంకల్పము మెచ్చదగినదే. కాని యందుకు తగిన యంత్రము వచ్చిన పిమ్మటనే పని మొదలుపెట్టుదునని రెండేండ్లు పట్టికలు పోల్చుచు కూర్చుండెను. "నాయనా, పాట పాడమందువా?" అని యామె యడిగినప్పుడెల్ల, "ఇంకొక నెల తాళుము నాయనమ్మా" అనెడివాడు. ఇంతలో నామెకు జబ్బు చేసినది. ప్రాణము నిలిచినది గాని పాటలు నిలువలేదు. మొదటి చరణము వచ్చును, రెండవది రాదు. నేడాతని యంత్రము మిక్కిలి శక్తి గలది. దానిలో నాయనమ్మ పాటలు రెండే కలవు. అవియు ఎప్పుడో చెల్లెలు తన ఫోనులో పట్టినవి. యంత్రము కొఱకు పని నిలుపవచ్చునని యెంచువారు, పని మన కొఱకు నిలుచునా యని యడుగుకొనవలెను.

ఇక ధనమును గూర్చి రెండు మాటలు. వాయిదాల పద్ధతి వచ్చిన పిమ్మట ధర యనునది కంటికి కనబడుట మానినది. లక్షన్నర యన్నప్పుడు బెదరు గృహస్థు, నెలకు పండ్రెండున్నర వేలు, పండ్రెండు నెలలు, వడ్డీ లేదన్నప్పుడు తల యూపును. శూన్యవడ్డీ యనునదే లేదని భారతీయ రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులో బ్యాంకులకు స్పష్టముగా తెలిపినది. వడ్డీ ధరలోనో, రుసుములోనో, మనము కోలుపోయిన తగ్గింపులోనో దాగియుండును. దాచిన భారము భారము కాకపోదు.

ధనముకంటె న్యాయము ముఖ్యము. మన యిండ్లలో క్రొత్త యంత్రము కుమారునకు, అన్న విడిచిన పాతది కుమార్తెకు నను నియమ మెవ్వరును వ్రాయకయే యమలులో నున్నది. చిత్రకల్పన నేర్చుచున్న బాలిక గంటకొకసారి నిలిచిపోవు యంత్రముతో కుస్తీ పట్టుచుండగా, ఆటలాడుకొను బాలుని యొడిలో లక్షన్నర రూపాయల యంత్రముండుట మేమెఱుగని దృశ్యము కాదు. విద్యయందు సమానత్వమును గూర్చి సభలలో చప్పట్లు కొట్టు తండ్రులు దీనిని సరిదిద్దుటకు శాసనమక్కఱలేదు. ఎవరి పనికి శక్తి యవసరమో వారిదే యంత్రము. పుట్టిన వరుసగాని, పురుషత్వముగాని యర్హత కాజాలదు.

గడప దాటి మన చేతలు పోవు చోటు గూడ కలదు. 2022లో ప్రపంచమున 6.2 కోట్ల టన్నుల యెలక్ట్రానిక్ చెత్త పుట్టినదనియు, నందు 22.3 శాతము మాత్రమే లెక్కకు వచ్చిన విధమున సేకరింపబడి తిరిగి వాడుకలోనికి వచ్చెననియు అంతర్జాతీయ నివేదిక తెలుపుచున్నది. లాప్‌టాప్ తన జీవితకాలమున లోకముపై మోపు కర్బనభారములో నధికభాగము దాని నిర్మాణముననే పుట్టును. కావున ఒక యేడు ఎక్కువ వాడిన యంత్రము ఒక మంచిపని చేసిన యంత్రము. మైక్రోసాఫ్టు సంస్థ విండోస్ 10కి సాధారణ సహాయమును 2025 అక్టోబరు 14తో ముగించుటచే పెక్కు పాత యంత్రములు నిరుపయోగములని త్రోయబడుచున్నవి. వానిలో పలువానిపై లినక్స్ నిలిపి, బడిపిల్లలకు వ్రాత పనికి ఈయవచ్చును.

అట్లయిన నెట్లు ఎన్నుకొనవలెను? మాకు తోచిన క్రమమిది. మొదట రాబోవు సంవత్సరమున తాను నిజముగా చేయబోవు పనులు మూడింటిని కాగితముపై వ్రాయవలెను. చేయగోరు పనులను గాక, చేయబోవు పనులను. రెండవది, ఆ పనులకు చాలిన శక్తి యెంతయో ఆ పని చేయువారినే యడుగవలెను గాని అమ్మువారిని గాదు. మూడవది, తరువాత మార్చుకొనుటకు వీలులేనివానిపై ధనము వెచ్చింపవలెను. నేటి సన్నని యంత్రములలో పెక్కింట మెమరీ పలకకే యతికింపబడియుండును. దానిని పిదప పెంచుట పొసగదు. నిల్వ చాలకున్న బయటి డిస్కు తగిలించుకొనవచ్చును. దినమెల్ల కన్ను చూచు తెర, వ్రేళ్లు తాకు కీబోర్డు స్వయముగా పరీక్షింపదగినవి. నాలుగవది, నిర్ణయమునకొక తేది పెట్టుకొని, ఆ నాటికి అంగడిలోనున్నవానిలో నొకదానిని గ్రహింపవలెను. అయిదవది, మిక్కిలి కష్టమైనది: కొన్న పిమ్మట పోల్చుట మానవలెను.

చదువరులారా, రాబోవు యంత్రము ఎప్పుడును మన యంత్రముకంటె మేలైనదై యుండును. అది దాని స్వభావము. రాబోవు దినము మాత్రము నేటి దినముకంటె మనకు తక్కువదై యుండును. అది మన యాయువు స్వభావము. మొదటిదానిని తలచి రెండవదానిని మఱచుట తగదు. ఉన్న యంత్రముతో నేడు చేసిన చిన్నపని, రాబోవు యంత్రముతో చేయదలచిన పెద్దపనికంటె ఒక విషయమున నిశ్చయముగా పెద్దది: అది జరిగినది.